సర్వేరాయి పెచ్చు

రోడ్డు చదును చేసే గ్రేడర్ బండి పలకను నాలుగంగుళాలు దించి, లైల్ టోర్విక్ కోలార్ కుటుంబం పొలాల రోడ్డు మీదికి మళ్లాడు. అటు ఆరు మైళ్లు, ఇటు ఆరు మైళ్లు, మైలుకో రోడ్డు, అదీ టౌన్‌షిప్. మంచు కరిగాక కంకరంతా సాపు చేసేవాడు నలభై ఏళ్లుగా అతనొక్కడే. ఈలోగా వెన్న తీసే కార్ఖానా మూతపడింది, బడి ధాన్యపు కొట్టయింది, చర్చికి తాళం పడింది. పాతకాలపు సర్వేవాళ్లు పొలాల హద్దులకు పాతిన మూలరాళ్లు మాత్రం కదల్లేదు, ఒక్కటి తప్ప.

ముప్పై ఏళ్ల కిందట బురదలో అతని పలక తగిలి ఆ రాయి పెళ్లగిలింది. చెబితే ఉద్యోగం ఊడుతుందని కంటి అంచనాతో మళ్లీ పాతేశాడు. మరుసటేడు కోలార్ అన్నదమ్ములు కంచె కోసం ఆ రాయి నుంచే కొలిపించారు. అన్న ఎడ్విన్ పెళ్లయిన ఏడు నాటుకున్న వాల్‌నట్ చెట్లు తమ్ముడు రూడీ నేలలో తేలాయి. రూడీ నరికించాడు. ఆపై అన్నదమ్ములకు మాటల్లేవు. ఎడ్విన్ పోతే శవపెట్టె మోసినవాళ్లలో లైల్ కూడా ఉన్నాడు, తేలు కుట్టిన దొంగలా. ఆనాడు రాయి నుంచి ఊడిన పెచ్చు, ఉలితో చెక్కిన గుర్తులో సగంతో, ఇంకా అతని సీటు కిందే ఉంది.

ఎడ్విన్ భార్య విల్డా పోస్టుడబ్బా దగ్గర కాఫీతో నిలబడింది. ఎనభై నాలుగేళ్లు.

"ఏరా లైల్, ఆ డబ్బాలో కూర్చునీ కూర్చునీ నువ్వూ డబ్బాలా తయారయ్యావు. దిగు."

"నీ కాఫీకన్నా కాలవ నీళ్లే చిక్కనమ్మా," అంటూ దిగాడు.

ఆమె నవ్వి, కంచె అవతల నరికిన వాల్‌నట్ చెట్ల మొద్దుల వైపు చూసింది. "పోయేముందు కూడా ఆయనది ఒకటే మాట. తమ్ముడి నేల మింగబోయానా విల్డా, అని. నేనేం చెప్పనురా?"

లైల్ కప్పు పోస్టుడబ్బా మీద పెట్టాడు.

"అమ్మా, ఆ రాయి సంగతి..."

"ఏ రాయి?"

"అవతలి పక్క గీసుకుని గంటలో వస్తాగా, అప్పుడు చెప్తా."

"రా, ఎక్కడికి పోతాను? పొయ్యిలో రుబార్బ్ కాడల తీపిరొట్టె కాలుతోంది."

ఒక పక్క గీసుకుంటూ పోవడం, రెండో పక్క గీసుకుంటూ రావడం, గ్రేడర్ పని అంతే. కానీ నిలబడ్డచోటే చెప్పడానికి అడ్డేముంది? పిరికితనం. ఆ సంగతి అతనికీ తెలుసు. దారంతా తనను తాను తిట్టుకున్నాడు. తిరిగొచ్చి, పెచ్చు చేతబట్టుకుని ఆమె పెరట్లోకి నడిచాడు.

మాడిన వాసన. వరండాలో రూడీ, టోపీ తీసి నిలబడి ఉన్నాడు. కుర్చీలో విల్డా కళ్లు మూసుకుని ఉంది.

"పొలం నుంచి పొగ కనపడితే పరిగెత్తుకొచ్చా," అన్నాడు రూడీ. "పొయ్యి ఆర్పేశా. వదిన అప్పటికే పోయింది. ముప్పై ఏళ్లయింది లైల్, ఈ మెట్లెక్కి. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది."

రూడీ చూపు లైల్ చేతి మీద పడింది.

"ఏంటది చేతిలో?"

ఏం లేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముప్పై ఏళ్లుగా అక్కడే కాపురముంది మరి.

"మీ మూల సర్వేరాయి పెచ్చు. పెకలించింది నేను. తప్పుచోట పాతిందీ నేనే. ఆ చెట్లు మీ అన్నవే, రూడీ."

రూడీ మెట్లు దిగాడు. టోపీ గుండెకు హత్తుకుని మొద్దుల వైపు నడిచాడు.

వరండాలో బల్ల మీద విల్డా సర్దిన రెండు పళ్లేలున్నాయి, రెండు ఫోర్కులతో. లైల్ తనకోసం పెట్టిన పళ్లెంలో ఆ రాతిపెచ్చును ఉంచి వెళ్లిపోయాడు.