గిన్నె అడుగున బొటనవేలు

ఆ ఊళ్ళో ఆవిడ ఒళ్ళో కాలు పెట్టని మనిషి లేడు. బూట్ల దుకాణంలో వయసులో ఉండగా చేరింది, జుట్టు నెరిసినా అక్కడే ఉంది. ఎవరొచ్చినా చిన్న స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చోవడం, పాదం ఒళ్ళోకి తీసుకుని బూటు తొడగడం, మడమ దగ్గర నొక్కి చూసి “వేళ్ళ దగ్గర పట్టేస్తోందా?” అని అడగడం, ఇదీ పని. అందరూ బూట్ల మేడమ్ అంటారు. చేతులతో చేసే ఉద్యోగమే. కాకపోతే ఆ చేతులు ఏదీ తయారుచెయ్యవు, ఎవరో చేసింది ఇంకెవరికో తొడుగుతాయి.

ఇంట్లో అమ్మ ఉంటుంది. రెండు వీధుల అవతల చెల్లెలు ఉంటుంది. అమ్మ లెక్కలో చిన్నదానివి బంగారం చేతులు, పెద్దదానివి మట్టి చేతులు. ఈ తీర్పుకి అప్పీలు లేదు. తీర్పు వచ్చిన రోజు బూట్ల మేడమ్‌కి బాగా గుర్తుంది. చిన్నప్పుడు కూర తరగమని అమ్మ కత్తి ఇచ్చింది. ఆవిడ కుడిచేతి బొటనవేలు అడ్డంగా కోసుకుంది. అమ్మ గుడ్డ కట్టింది, కట్టి కత్తి చెల్లెలి చేతికిచ్చింది. “కూర తరగమంటే వేలు తరుక్కుంది” అని వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వింది. గాయం మానింది గానీ వేలి గీతల మధ్య అడ్డంగా మచ్చ ఉండిపోయింది. కత్తి మాత్రం మళ్ళీ పెద్దదాని చేతికి రాలేదు.

ఇప్పుడు అమ్మకి మందులు వేసేది, స్నానం చేయించేది, నడుముకి నూనె రాసేది పెద్దదే. వారానికోసారి వచ్చి ఓ దిండు గలీబు కుట్టిచ్చి పోయే చెల్లెలి గురించి మాత్రం అమ్మ పొగడ్తలు ఆగవు. దగ్గరున్న చేతుల్ని ఎవరు చూస్తారు?

పాత సైకిల్ షాపు వెనక రేకుల షెడ్డులో సాయంత్రాలు బొమ్మలు వెయ్యడం, మట్టిపని నేర్పుతారని బోర్డు పెట్టినప్పుడు బూట్ల మేడమ్ ఆగి చదివింది. ఎలాగూ మట్టి చేతులేగా, మట్టిలోనే పెడదాం అనుకుని చేరిపోయింది. నలుగురికీ నవ్వుతూ అలాగే చెప్పింది. చెప్పనిది ఒకటుంది. ఒక్కటంటే ఒక్క వస్తువు తన చేత్తో చేసి అమ్మ ముందు పెట్టాలి. అమ్మ దాన్ని చూసి బాగుందనాలి. అంతకు మించి ఆవిడకి ఏ కళా అక్కర్లేదు.

షెడ్డు ఒక సగం రంగులవాళ్ళది, ఒక సగం మట్టివాళ్ళది. రెండింటికీ మాస్టారు ఒక్కరే. సన్నగా, గడ్డం నిండా ఎండిన మట్టితో, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడే మనిషి. రంగుల వైపు వెళ్ళి “ఇక్కడ నీడ కాస్త తగ్గిద్దామా” అని కుంచె అందుకుంటే, తిరిగి ఇచ్చేసరికి ఆ పూలకుండీ బొమ్మ ఆయనదైపోయేది. రంగులవాళ్ళకి ఆ సంగతి తెలుసు, ఇంటికి పట్టుకెళ్ళి గోడకి తగిలించుకోవడానికి అదేమీ అడ్డం కాలేదు. మట్టివాళ్ళు వాళ్ళని చూసి పెదవి విరిచేవాళ్ళు. మా పని మేమే చేసుకుంటాం అన్నది వాళ్ళ గర్వం.

అందరికన్నా గర్వం పళ్ళ డాక్టరుది. పగలంతా ఊరి పళ్ళు రుద్ది, సాయంత్రం వచ్చి కప్పు అంచు రుద్దేవాడు. బూట్ల మేడమ్ పక్క చక్రమే ఆయనది. ఈవిడ మట్టి ముద్ద చక్రం మీద పెట్టి తొక్కగానే అది తాగొచ్చినవాడిలా ఒక పక్కకి ఒరిగేది. డాక్టరు అయ్యో పాపం అని తన పని చూసుకునేవాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పచ్చి మట్టి మీద పేర్లు గీకితే అడుగు పగులుతుందని మాస్టారు ఒప్పుకోరు. చేసినవాళ్ళు గిన్నె అడుగున బొటనవేలు నొక్కాలి, అదే సంతకం. తర్వాత అరలో తమ పేరున్న చోట పెట్టి వెళ్ళిపోవాలి. ఆరబెట్టడం, బట్టీలో కాల్చడం, పూత పూసి మళ్ళీ కాల్చడం మాస్టారి వంతు. కొన్ని వారాలకి నిగనిగలాడుతూ అదే అరలోకి వచ్చేది. పచ్చిగా వంకరగా కనిపించిందేమిటి, కాలాక ఇంత తీరుగా వచ్చిందేమిటి అని ఎవరికైనా అనుమానం వస్తే, “నిప్పు సర్దుతుంది” అనేవారు మాస్టారు. నమ్మాలనుకున్నవాళ్ళకి ఆ మాట చాలు.

బూట్ల మేడమ్‌కి అంతకన్నా తక్కువైనా చాలేది. మొదటి గిన్నె లేత నీలం పూతతో, పల్చటి అంచుతో అరలో కనిపించిన సాయంత్రం ఆవిడ దాన్ని చీర కొంగులో చుట్టుకుని ఇంటికి నడిచింది. అమ్మ ముందు పెట్టి నిలబడింది. అమ్మ అటూ ఇటూ తిప్పింది, అంచు చుట్టూ వేలు పోనిచ్చింది.

“నువ్వే చేశావా?”

“నేనే అమ్మా.”

అమ్మ చాలాసేపు గిన్నెని చూసింది. “అయితే నా కడుపున పుట్టినవి రెండు జతలూ మంచి చేతులేనన్నమాట” అంది.

బూట్ల మేడమ్ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ రోజు నుంచి అమ్మ పాలు ఆ గిన్నెలోనే తాగేది, రొట్టె అందులోనే ముంచుకునేది. పక్కింటివాళ్ళకి, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడికి, ఇంజెక్షన్ చేసే నర్సుకి, అందరికీ చూపించింది. మా పెద్దది చేసిందని చెప్పింది. చెల్లెలు విని ముక్కు మీద వేలేసుకుంది. బూట్ల మేడమ్ దుకాణంలో ఎవరి పాదం ఒళ్ళో పెట్టుకున్నా తనలో తను నవ్వుకునేది.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఒక సాయంత్రం గిన్నె కడిగి బోర్లించబోతూ అడుగున ఉన్న గుంటలో ఊరికే బొటనవేలు పెట్టింది. వేలు అందులో వదులుగా ఆడింది. పాదాలు కొలిచీ కొలిచీ బతికిన మనిషికి వదులేదో, సరిపోయిందేదో ఒకరు చెప్పక్కర్లేదు. కాల్చితే మట్టి బిగుస్తుంది, గుంట చిన్నదవ్వాలి, పెద్దదెలా అవుతుంది? దీపం కిందకి తీసుకెళ్ళి చూసింది. గీతలు చక్కగా గుండ్రంగా తిరిగి ఉన్నాయి. వాటి మధ్య అడ్డంగా ఉండాల్సిన మచ్చ లేదు.

మర్నాడు క్లాసుకి అందరికన్నా ముందు వెళ్ళి అరలో కాలి వచ్చినవన్నీ బోర్లించి చూసింది. పళ్ళ డాక్టరు కప్పు, రిటైరైన హెడ్మాస్టరు కూజా, తన పేరున్న చోట తను చేశాననుకున్న ఇంకో చిన్న పళ్ళెం, అన్నిటి అడుగునా బొటనవేలి గుర్తులు ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి. పళ్ళ డాక్టరు వచ్చి తన కప్పు ఎత్తి వెలుతురులో మురిపెంగా చూసుకుంటుంటే ఆయన మీద జాలీ వేసింది, చెంప మీద ఒకటి ఇవ్వాలనీ అనిపించింది.

అందరూ వెళ్ళేదాకా ఆగింది. మాస్టారు చక్రాలు తుడుస్తున్నారు. పళ్ళెం బోర్లించి ఆయన ముందు పెట్టింది.

“ఇది నా వేలు కాదు మాస్టారూ.”

ఆయన పళ్ళెం అడుగు ఒకసారి చూశారు. తర్వాత తడిగుడ్డ పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. కొంచెం వంకర ఉన్నవాటిని చెక్కి సరిచేసి, అడుగున తన వేలు నొక్కుతారు. అసలు నిలబడనివాటిని మట్టి తొట్టిలో పడేసి, అదే కొలతలో కొత్తది చేసి పెడతారు. మేడమ్‌వి మాత్రం, ఏమీ అనుకోకండి అన్నారు, ఒక్కటి కూడా నిలబడలేదు. వేలి గుర్తులో మచ్చ ఉంటుందని తనకి తట్టలేదు, ఎవరి వేలైనా వేలే కదా అనుకున్నారు.

“మమ్మల్ని ఎందుకిలా మోసం చేశారు?”

“మొదట్లో ఎవరు చేసింది వాళ్ళకే ఇచ్చాను మేడమ్. వంకర గిన్నె పట్టుకెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. షెడ్డులో నేనూ బట్టీ మిగిలాం.” ఆయన గొంతులో సిగ్గు లేదు, అలసట ఉంది. “చెయ్యి తిరగాలంటే ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు ఆగే ఓపిక మీకుందేమో. మీ ఇంట్లోవాళ్ళకుందా?”

నా సంగతి నాకు వదిలెయ్యండి అంది. ఇక నుంచి తన మట్టి మీద చెయ్యి వేస్తే ఊరుకోనని, ఎలా వస్తే అలాగే కాల్చాలని చెప్పింది. వెళ్ళేటప్పుడు తలుపు గట్టిగా వేసింది.

అప్పటి నుంచి కంకణం కట్టుకున్నట్టు పనిచేసింది. దుకాణం మూసీ మూయగానే షెడ్డులో ఉండేది. ముద్దలు ఒరిగాయి, కూలాయి, ఎగిరి డాక్టరు కళ్ళజోడు మీద పడ్డాయి. చాలా రోజులకి ఒక గిన్నె కూలకుండా నిలబడింది. అంచు ఒక వైపు ఎత్తు, ఒక వైపు పల్లం. అడుగు మందం. ఆవిడ దాన్ని చక్రం మీంచి తీగతో కోసి, బోర్లించి, ఊపిరి బిగబట్టి వేలు నొక్కింది. బట్టీలో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు పక్కనే కాపలా ఉంది. మాస్టారు ముట్టుకోలేదు.

అది కాలి చేతికొచ్చాక ముందు అడుగు చూసింది. గీతల మధ్య అడ్డంగా మచ్చ ఉంది. గుంటలో వేలు పెడితే బిగుతుగా పట్టింది. నీలం గిన్నె వచ్చిన రోజు ఏడ్చింది గానీ ఇంత సంతోషం ఆ రోజు కూడా లేదు. దారంతా అమ్మతో ఏం చెప్పాలో మననం చేసుకుంది. అమ్మా, అది నాది కాదు, ఇదే నాది, అనాలి. అంతే. కష్టమైన మాటేం కాదు.

ఇంటికెళ్ళేసరికి చెల్లెలు వచ్చి ఉంది. బూట్ల మేడమ్ కాగితం విప్పి గిన్నెని అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాని అంచు చుట్టూ వేలు పోనిచ్చింది. ఎత్తు దగ్గర వేలు ఆగింది, పల్లం దగ్గర జారింది. బల్ల మీద పెడితే గిన్నె ఒకసారి ఊగి ఆగింది. చెల్లెలు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

“ఇదెవరి నిర్వాకమే?” అంది అమ్మ.

బూట్ల మేడమ్ నోరు తెరిచింది. మననం చేసుకున్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. బల్ల మీద నీలం గిన్నె ఉంది, అందులో అమ్మ తాగి వదిలిన పాలు కొంచెం ఉన్నాయి. ఇది నాదంటే అది నాది కాదని చెప్పాలి. అది నాది కాదంటే ఆ రోజు అమ్మ అన్న మాట కూడా తనది కాదు.

“కొత్తగా చేరినావిడ ఎవరో చేసిందమ్మా. పారేస్తుంటే తెచ్చాను.”

“పాపం” అంది అమ్మ. “ఆవిడవీ నీ పాత చేతులే.”

ఈసారి చెల్లెలు పైకే నవ్వేసింది. పారెయ్యడమెందుకు, ఇలా ఇవ్వు, విరిగిన బొత్తాలు వేసుకుంటాను అంది. గిన్నెని సంచిలో పడేసుకుంటే బూట్ల మేడమ్ వద్దనలేదు. అమ్మ నీలం గిన్నెని దగ్గరికి లాక్కుని, “దీనిలాంటిది ఇంకోటి చేసి చెల్లెలికివ్వవే. దాని చేతికి కుట్టడమే వచ్చు, ఇలాంటివి రావు” అంది. అమ్మ నోట ఆ మాట వినాలని బూట్ల మేడమ్ చిన్నప్పటి నుంచీ ఎదురుచూసింది.

“అలాగేనమ్మా” అంది.

మర్నాడు సాయంత్రం షెడ్డులో చక్రం ముందు కూర్చుంది. ముద్ద ఎప్పటిలాగే ఒరిగింది. దాన్ని నిలబెట్టాలని ఆవిడ పెద్దగా పెనుగులాడలేదు. గిన్నె అనదగ్గ ఆకారం వచ్చాక తీగతో కోసి అరలో తన పేరున్న చోట పెట్టింది. అందరూ వెళ్ళాక మాస్టారు అరల దగ్గరికొచ్చి, దాన్ని బోర్లించి అడుగు చూశారు.

“వేలు నొక్కడం మర్చిపోయారు మేడమ్.”

ఆవిడ కుళాయి దగ్గర గోళ్ళలో మట్టి కడుక్కుంటోంది, వెనక్కి తిరగలేదు.

“మర్చిపోలేదు మాస్టారూ. నీలం పూతే వెయ్యండి. వేలు మీరే నొక్కండి.”

చేతులు తుడుచుకుని, సంచి భుజానికి తగిలించుకుని, అమ్మకి మందు వేసే వేళ అయిందని వెళ్ళిపోయింది.