తాళంచెవి పిడి దీపం

తాళాలు బాగుచేసే పెద్దాయన పొద్దున్నే దేవుడి గూటివైపు చూసి నిలబడిపోయాడు. పోయిన భార్య దీపం అక్కడ లేదు. దాని చోట కొత్తదొకటి తళతళలాడుతోంది.

"పాతదేదీ?"

"నిన్న దేవుడి సామాన్ల కొట్లో ఇచ్చేసి ఇది తెచ్చాను మామయ్యా," అంది కోడలు. "కాసేపట్లో మా అమ్మావాళ్ళు వస్తున్నారుగా. ఆ మసీ ఆ సొట్టలూ చూస్తే ఏమనుకుంటారు? అయినా అత్తయ్య పోయాక మీరు దాని మొహం చూసిందెప్పుడు?"

అది నిజం. అందుకే అతనికి ఒళ్ళు మండింది.

"నాకూ మసి పట్టింది. సొట్టలూ ఉన్నాయి. నన్ను కూడా ఇచ్చేసి కొత్త మామను తెచ్చుకోలేకపోయావా?"

కొత్త దీపాన్ని సంచిలో పడేసుకుని బయటికి నడిచాడు.

దేవుడి సామాన్ల కొట్టు అతనికి కొత్త కాదు. దాని తాళాలు బిగించింది అతనే. ముందు భాగమంతా కొత్త సరుకు. బస్సు దిగి వచ్చేవాళ్ళు అక్కడే ఆగిపోతారు. వాళ్ళకు మెరవాలి. కార్లలో వచ్చేవాళ్ళను యజమాని అద్దాల తలుపు తీసి లోపలి గదికి తీసుకెళ్తాడు. అక్కడ ఏదీ మెరవదు. మసిబారిన దీపాలు, చేతులు తాకీ తాకీ అరిగిన పీఠాలు. ఎవరో ఏళ్ళ తరబడి మొక్కిన వస్తువులో ఆ మొక్కుల బలం మిగిలి ఉంటుందని వాళ్ళ నమ్మకం. కోడలు సిగ్గుపడి వదిలించుకున్న మసికే ఆ గదిలో ఖరీదు.

అద్దంలోంచి తన దీపం కనబడింది. పిడిని బట్టి పోల్చుకున్నాడు. అసలు పిడి విరిగిపోతే పాత తాళంచెవి ఒకటి అతికించి తనే బాగుచేశాడు. "దేవుడికి కూడా తాళం వేసేస్తావా ఏంటయ్యా?" అని ఆరోజు భార్య పడీపడీ నవ్వింది.

ఇప్పుడది ఎవరో ఆవిడ చేతుల్లో ఉంది. నలగని బట్టలు, ఏడ్చి ఉబ్బిన కళ్ళు. యజమాని గొంతు తగ్గించి చెబుతున్నాడు.

"పిడి చూడండమ్మా, తాళంచెవి. మూసుకుపోయిన దారులు తెరిచే దీపం ఇది. ఒకావిడ మంచం పట్టింది. డాక్టర్లు చేతులెత్తేశారు. దీని ముందే మొక్కుకుంది, లేచి తిరిగింది. రేపు మీవారూ అంతే, ఆస్పత్రి నుంచి నడిచొస్తారు."

పెద్దాయన తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. "అది మాది."

యజమాని తడబడింది ఒక్క క్షణమే. "చూశారా! పిలిచినట్టు నేను చెప్పినావిడ భర్తే వచ్చాడు!" అని, ఆమెకు కనబడకుండా కన్నుగీటాడు. భార్య పోయిన సంగతి వాడికి తెలుసు. తెలిసే గీటాడు.

ఆమె ఇటు తిరిగింది. దీపాన్ని గుండెకు హత్తుకుని ఉంది.

"నిజమేనా పెద్దాయనా? మీ ఆవిడ లేచి తిరిగారా?"

అవునంటే దీపం ఆమె వెంట వెళ్ళిపోతుంది. కాదంటే ఆమె ఉత్త చేతులతో ఆస్పత్రికి వెళ్తుంది. ఆమె అతని పెదవుల వైపే చూస్తోంది. ఆమె బొటనవేలు తాళంచెవిని నొక్కి పట్టుకుంది. ఆ చోటునే భార్య కూడా పట్టుకునేది.

"లేవలేదు," అన్నాడు. "వత్తి ఆరకముందే పోయింది."

చెయ్యి కాలినట్టు ఆమె దీపాన్ని బల్ల మీద వదిలేసింది. వేళ్ళకు అంటిన మసి చూసుకుంది. రుమాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకుంది. తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

"ఒక్కసారి అవునంటే నీ సొమ్మేం పోయేదయ్యా?" అని పళ్ళు నూరాడు యజమాని.

"దీపం పోయేది. ఇదిగో నీ మెరుపు, పట్టు." సంచిలోది తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ దీపం తీసుకుపో. చావు కబురు విన్నాక దాన్నెవడు కొంటాడు?"

బయట ఆమె కారు ఇంకా కదల్లేదు. స్టీరింగ్ మీద తల వాల్చి ఉంది. అద్దం తట్టడానికి చెయ్యెత్తాడు. తట్టి ఏం చెప్పాలి? చెప్పింది అబద్ధం కాదు. చెయ్యి దించుకుని నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి చుట్టాలు కూర్చుని ఉన్నారు. ఎవరినీ పలకరించకుండా దీపాన్ని గూట్లో పెట్టాడు. కోడలు తల దించుకుంది. వాళ్ళమ్మ మాత్రం లేచి గూటి దగ్గరికే వచ్చింది.

"అబ్బో, ఎంత పాతదో! మా ఆఫీసరుగారింట్లో ఇలాంటిదాన్ని అద్దాల పెట్టెలో పెట్టారు. ఎంత పోసి కొన్నారు అన్నయ్యగారూ?"

"ఒకామెను ఏడిపించి."

ఆవిడ వెనక్కి తగ్గింది. అతను గూటి ముందు కూలబడి, ఎండిపోయిన వత్తిని వేలితో గీకి తీశాడు.

"నూనె పట్రా," అన్నాడు కోడలితో.

"వెలిగిస్తారా?" ఆమె నమ్మలేకపోయింది. "ఎవరికోసం మామయ్యా?"

"పేరడగలేదు. చూస్తావేం? తే."