కంచరపాలెంలో కిరాయి యూనిట్

వెస్నా కారు దిగేసరికి అంతా రెడీ. శ్రీసత్య వాళ్ల గవర్రాజు బాబాయ్ కోటు వేసుకుని, పనిచేయని వాకీటాకీ ఒకటి పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల కారవాన్, దాని ముందు నల్ల టీషర్టుల్లో పాతికమంది జనం. వాళ్లలో శ్రీసత్య సినిమాకి నిజంగా పనిచేసేవాళ్లు ఐదుగురే. మిగతావాళ్లు మద్దిలపాలెం నుంచి తెచ్చిన జూనియర్ ఆర్టిస్టులు. "ఇవాళ మీ వేషం సినిమా యూనిట్, ఎవరేం అడిగినా ప్రొడక్షన్ అనండి" అని చెప్పి శ్రీసత్యే నిలబెట్టింది.

శ్రీసత్యకి ఇది మొదటి సినిమా, ప్రొడ్యూసర్ తనే. కంచరపాలెం రైల్వే గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ కథ. సగం తీశాక డబ్బుల్లేక ఆగిపోయింది. అప్పుడే స్లొవేనియా నుంచి వెస్నా అనే ప్రొడ్యూసర్ మెయిల్ పెట్టింది. కథ నచ్చింది, కలిసి చేద్దాం, మా దేశంలో సినిమాలకి డబ్బిచ్చే ఫండ్‌కి పెడతాను అని. ఆ దేశం జనాభా ఇంచుమించు మన జిల్లా అంతే, అయినా యూరప్ యూరప్పే కదా! ఐదుగురమే అంటే ఎక్కడ లోకువ కడుతుందోనని శ్రీసత్య మెయిల్ మెయిల్‌కీ యూనిట్‌ని పెంచుకుంటూ పోయింది. ఇప్పుడు ఆవిడే స్వయంగా చూడ్డానికి వచ్చేసింది.

కెమెరామన్ నజీర్ పొద్దుటే గొణిగాడు. "ఎందుకే ఈ సోకులు? ఉన్నది సెప్పేత్తే పోద్ది కదా."

"నువ్వూరుకోరా. పెద్దోళ్లలా కనపడకపోతే మనల్ని ఎవుడు నమ్ముతాడు?"

తాతబాబు అనే జూనియర్ ఆర్టిస్టు పరుగెత్తుకెళ్లి, మన షూటింగుల్లో ప్రొడ్యూసర్లకి పట్టినట్టే వెస్నాకి గొడుగు పట్టాడు. ఆవిడ నవ్వి, అది తీసుకుని ఎండలో కాలిపోతున్న కెమెరా మీద పట్టింది. శ్రీసత్య కంగారుగా కుర్చీ వేయించింది.

"కూర్చుంటే ఎలా?" అంది వెస్నా ఇంగ్లీషులో. "మా దగ్గర వ్యాన్ నడిపేది నేనే, అందరికీ శాండ్‌విచ్‌లు చేసేదీ నేనే. ఇంతమంది ఇక్కడ ఏం చేస్తారు?"

తాతబాబు ఛాతీ విరిచాడు. "ప్రొడక్షన్!"

పక్కవాడూ "ప్రొడక్షన్" అన్నాడు. ఆ పక్కావిడా అదే అంది. వరస చివరిదాకా అదే మాట.

వెస్నా శ్రీసత్యని పక్కకి తీసుకెళ్లింది. "ఆ ఫండ్ పదిమంది లోపు యూనిట్లకే ఇస్తారు. మెయిల్లో పొరపాటున ఎక్కువ రాశారేమో అనుకున్నాను. నిజంగానే ఉన్నారు. మీ సినిమా పెట్టలేను, సారీ."

సరిగ్గా అప్పుడే వెనక నుంచి బాబాయ్. "అమ్మాయ్, ఏటంతందే ఆవిడ? ఈ కోటు ఇప్పీమంటావా? ఉక్కపోతకి సచ్చిపోతన్నాను."

"వాళ్లు యూనిట్ కాదు," అంది శ్రీసత్య నేలచూపులు చూస్తూ. "కిరాయికి తెచ్చాను. మీరు చూస్తారని."

వెస్నా నవ్వి ఉంటే ఎంత బాగుండేది! నవ్వలేదు.

"కారవాన్?"

"అదీ కిరాయే."

"మెయిళ్లలో రాసిన ఆఫీసు?"

"లేదు. మా ఇంటి వరండా."

"స్క్రిప్టు?"

"స్క్రిప్టు నిజం! అది మొత్తం నిజమే!" అని అరిచేసింది. అందరూ ఇటు తిరిగారు.

తాతబాబు ముందుకొచ్చాడు. "మేడమ్, మా ఏషం అయిపోయినట్టేనా?"

వెస్నా నేరుగా నజీర్ దగ్గరికి నడిచింది. "మీరు నిజంగా ఎంతమంది?"

నజీర్ ఒకసారి శ్రీసత్య వైపు చూసి, తల దించుకుని, "ఐదుగురం" అన్నాడు.

"ఇకనుంచి నాకు మెయిళ్లు ఈయన రాయాలి," అంది వెస్నా, అందరి ముందే. "మీరు కాదు. సరే అంటే ఫండ్‌కి పెడతాను."

శ్రీసత్య సరేనని తలూపింది.

వెస్నా షాట్ చూడ్డానికి ఇస్త్రీ బండి వైపు వెళ్లాక బాబాయ్ కోటు విప్పుకుంటూ వచ్చాడు. "ఏటయిందే? సినిమా ఉందా, పోయిందా?"

"ఉంది బాబాయ్."

"మరేటే ఆ మొకం?"

నజీర్ శ్రీసత్య పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు, "ఓయ్, ఏం రాయాలో నువ్వే సెప్పు. నాను టైపు సేత్తాను, అంతే. ఆవిడకి తెలీదులే."

వాడు తిట్టినా బాగుండేది అనిపించింది శ్రీసత్యకి.

"ఒద్దురా," అంది. "నువ్వే రాయి. పంపేముందు నాకు సూపించకు కూడా."