తుల్సీరాం మీద అలిగిన ట్రాక్టర్

తుల్సీరాం ఎద్దుల జతను అమ్మేసి, ములకలపల్లి పక్కనున్న తండాకు పాత ట్రాక్టర్ తోలుకొచ్చిన నాడు, భార్య మంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొత్తగా వచ్చిన పాత బండి వంక కన్నెత్తి చూడలేదు. తొలకరి పడి దున్నే అదను వచ్చాక ఆమెకు నోరు లేచింది. ఎందుకంటే ఆ ట్రాక్టర్ అన్నీ చేస్తోంది గానీ, సాలు చివర నాగలిని మాత్రం పైకి ఎత్తడం లేదు. నాగలి భూమిలో దిగబడి ఉంటే బండి తిరిగేదెట్లా?

పాల్వంచ నుంచి మెకానిక్ బలరాం వచ్చాడు. ఇంజిన్ ఆడించి, కిందనే నిలబడి లిఫ్టు మీట లాగాడు. నాగలి బుద్ధిగా పైకి లేచింది. "మంచిగనే ఉంది గదా మామా! ఉత్తగ నన్ను తిప్పినవ్" అని చాయ్ తాగి వెళ్లిపోయాడు. తుల్సీరాం సీటెక్కి లాగితే మళ్లీ లేవదు. ఇది తన మీదే అలిగిందని అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

"పొద్దుగూకే లోపల ఇది లేవకపోతే మా అన్నతోటి ఎద్దులను తెప్పిస్త. దీన్ని ఎవలికన్న అమ్ముకో" అని మంగమ్మ గట్టు మీద కూలబడింది. తుల్సీరాం ప్రాణం ఉసూరుమంది. ట్రాక్టర్ పోతే పోయింది, "నేను ముందే చెప్పిన" అనే మాట చచ్చేదాకా వినాలి గదా!

పాపం, అతను చిన్నప్పటి నుంచీ ఎద్దులతో దున్నినవాడు. ముందు ఎద్దులను ఆపాలి, తర్వాత నాగలి ఎత్తాలి. ఆ అలవాటున ఇక్కడా క్లచ్ అడుగంటా తొక్కి బండిని ఆపేవాడు, అప్పుడు మీట లాగేవాడు. లేవకపోతే ఇంకా గట్టిగా తొక్కేవాడు. కాలు తీస్తే ఎటు ఉరుకుతుందోనని భయం.

ఆ సాయంత్రం చేను చివర చెట్టు కింద ఆపి మీట లాగాడు. లేవలేదు. "నీ యవ్వ, లేస్తవా లేవ్వా?" అని కోపం పట్టలేక నెత్తి మీది కొమ్మ పట్టుకుని ఊపేశాడు. ఆ కొమ్మకున్న ఎర్రచీమల గూడు సరాసరి అతని కాళ్ల మీద పడింది. తుల్సీరాం కెవ్వుమని రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కున్నాడు. బండి ఒక్క కుదుపుతో ముందుకు ఉరికింది. వెనక నాగలి మట్టి దులుపుకుంటూ గాలిలోకి లేచింది!

అతను కిందా మీదా పడి బండిని ఆపేసరికి మంగమ్మ పరుగున వచ్చింది. "నువ్వు కాలు తీసినంకనే లేసింది, నేను జూసిన. మళ్ల దించు. గేర్ తీసి, కాలు పక్కకు పెట్టి లాగు."

లాగాడు. లేచింది. తొక్కితే లేవదు, వదిలితే లేస్తుంది. సంగతి అంతే. అలాంటి పాత బండ్లలో నాగలిని ఎత్తే నూనె పంపు కూడా క్లచ్ దాటి వచ్చే బలంతోనే తిరుగుతుంది. అడుగంటా తొక్కితే చక్రాలతో పాటు పంపూ ఆగిపోతుంది.

మంగమ్మకు నవ్వు ఆగలేదు. "ఇన్నేండ్ల సంది నన్ను గూడ గిట్లనే తొక్కిపట్టి, దీనికేం చాతకాదని తండా అంతా చెప్పుకున్నవ్" అంది నవ్వుతూనే.

తుల్సీరాం చీమలు దులుపుకోవడం ఆపాడు. అవి కుట్టిన దానికంటే ఆ మాటే ఎక్కువ మండింది.

"అయితే ఎద్దులు తెప్పిస్తవా?" అని మెల్లగా అడిగాడు.

మంగమ్మ కొంగు నడుముకు చుట్టి, చక్రం మీద కాలు పెట్టింది.

"వద్దులే. సీటు దిగు. రేపటి సంది నేను తోలుత."