ఏడో నంబరు గది

జైలును మ్యూజియం చేశారని తెలిసి ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. సమ్మె నడిపినందుకు భర్త పదకొండేళ్లు ఇక్కడే ఉండి, ఇక్కడే పోయాడు. ములాఖత్ గది దాటి ఆమెను ఏనాడూ లోపలికి రానివ్వలేదు. "కిటికీలోంచి గాలి బాగా వస్తోంది, బెంగపెట్టుకోకు" అని ఆయన ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు.

గైడు ఏడో నంబరు గది చూపించాడు. ఆమె నాలుగు గోడలూ తడిమింది. కిటికీ లేదు.

"వేరే గదేమో బాబూ?"

"కాదమ్మా, రిజిస్టర్లో ఆయనకి ఈ నంబరే ఉంది."

"చూశావటే మీ నాన్నని! అబద్ధమాడటం చేతకాని మనిషని అందరితో చెప్పుకునేదాన్ని" అని కూతురితో అంటూ నవ్వబోయి, నేలమీద కూలబడి భోరుమంది.

కూతురు లేపబోయింది.

"కాసేపు ఉండనీవే. ఇన్నాళ్లకి ఆయన దగ్గరికి రానిచ్చారు."

గైడు మిగతావాళ్లని నెమ్మదిగా అవతలికి తీసుకెళ్లాడు.