ఆసుపత్రి మంచం

సమాధానం పడవలు చేసే వడ్రంగి. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోతే మిషను ఆసుపత్రిలో చేర్చారు. భార్య రెబెక్కమ్మ పెద్దగా బెదరలేదు. కాపురానికి వచ్చింది మొదలు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది, ఆదివారం గుడికి మోసేది. మంచాన పడిననాడు ఆ పిడికెడే తమను ఆసుపత్రిలో కడదాకా సాకుతుందని తమ ఊరు జువ్వలదిన్నె చర్చి సంఘంలోని ఆడవాళ్ళందరిలాగే ఆమె కూడా నమ్మింది.

కొన్నాళ్ళకు నర్సమ్మ, "ఇక ఇంటికి తీసుకుపోమ్మా," అన్నది.

"ఇంకా లేవలేదు గదమ్మా!"

"లేవడు. జ్వరానికి, పుండుకు మందిస్తాం. మంచాన పడినోళ్ళని బతికినన్నాళ్ళు పెట్టుకుంటే, కొత్తోళ్ళని యాడ పడుకోబెట్టేది?"

చూడవచ్చిన పాస్టరు హెబ్రోనుగారిని పట్టుకుంది రెబెక్కమ్మ. "మీరైనా చెప్పండి అయ్యగారూ. ఇన్నేళ్ళు మా బియ్యం తిన్నారు గదా!" అనేసి నాలుక కరుచుకుంది.

ఆయన నవ్వాడు. "తిన్నమాట నిజమేమ్మా. నా జీతానికి కొంత, గుడి పెంకులకు కొంత. ఆసుపత్రికి ఒక్క గింజ పోలేదు."

"ఆ మాట మాకెవురూ చెప్పలేదే!"

"మీరట్టా అనుకుంటున్నారని నాకూ తెలవదమ్మా."

బండిలో ఇంటికి తెచ్చుకుంది. బడి పిల్లల హాస్టల్లో వంట చేసి ఆమె తెచ్చే జీతంతోనే ఇప్పుడు ఇల్లు గడవాలి. పనికి పోతే ఆయన్ని పక్కకు తిప్పేదెవరు? మానుకుంటే గంజి ఎక్కడిది?

పగటిపూట ఆయన్ని ఉంచుకోమని అడిగితే, తోడికోడలు పుష్పకుమారి తన గడప దాటి రాకుండానే, "మా ఇంట్లో మేకకే చోటు లేదక్కా," అన్నది.

సంఘం ఆడవాళ్ళు వంతులేసుకొని ఆయన దగ్గర కూర్చున్నారు. నాట్లు మొదలయ్యాక రావడం మానేశారు, ప్రార్థనలు మాత్రం చేస్తున్నామని చెప్పి పంపారు.

దేవునికి ఇచ్చింది తిరిగి అడగకూడదని రెబెక్కమ్మకు తెలుసు. అయినా, 'ఇచ్చేటప్పుడు ఆశపడటం కూడా తప్పేనా ప్రభువా?' అనుకుంది. ఇక సెలవు ఇవ్వలేమని హాస్టలు నుంచి కబురొచ్చింది.

తెల్లవారి సమాధానాన్ని పక్కకు తిప్పి, వీపుకు దిండు ఆనించి, నీళ్ళు ఎడమచేతికి అందేట్టు పెట్టింది.

"పోతన్నావా?" అన్నాడు, ముద్దముద్దగా.

"పోకుంటే ఇద్దరికీ గంజి లేదు."

ఆయన తలుపువైపు చూశాడు. "తాళమేసుకో. కుక్కలొస్తాయి."

ఆమె తాళం వేసింది. లోపల ఆయన దగ్గు తెరిపిచ్చేదాకా నిలబడి, హాస్టలు దారి పట్టింది.