నలభై ఏడో పేజీలో కలుపు మొక్క

నేను ఒక ఫొటోల పుస్తకాన్ని. నున్నటి కాగితం, నూట పన్నెండు పేజీలు, అట్ట మీద గాజు తొట్టెలో ఒక పచ్చటి లోయ. చేపల తొట్టెలో మొక్కలతో కొండలూ అడవులూ కట్టే విద్య ఒకటుంది. అందులో ఆరితేరినవాళ్ళ తొట్టెలన్నీ నాలో కొలువై ఉన్నాయి. అక్షరాలు తక్కువే. ఉన్నవాటినీ ఎవరూ చదవరు. నాకేం బాధ లేదు, నా అందం సంగతి నాకు తెలుసు.

నా పుట్టుక గురించి చెబితే నవ్వుకుంటారు. ఒక్కో తొట్టెను నాలుగు నెలలు పెంచి, ఒక్క మధ్యాహ్నం ఫొటో తీశారు. ఆ పూట గొట్టాలన్నీ బయటికి లాగేశారు, గాజును పళ్ళ బ్రషుతో తోమారు, మాట వినని చేపను బకెట్లోకి పంపారు. మర్నాటి నుంచి ఆ తొట్టెలకు పాచి పట్టిందో ఏమో నాకు తెలియదు. నాలో మాత్రం ఇప్పటికీ ఆ మధ్యాహ్నమే.

నన్ను కొన్నది రామచంద్రపురంలో పళ్ళ డాక్టరు ఇందుమతి గారు. అటూ ఇటూ తిప్పుతూ నలభై ఏడో పేజీ దగ్గర ఆగిపోయారు. అక్కడ నల్లరాళ్ళ వెనక ఎర్రటి సన్నకాడల మొక్కలు గుబురుగా నిలబడి ఉంటాయి. తన కొత్త ఆసుపత్రి హాల్లో, పన్ను పీకించుకోవడానికి వచ్చి భయంభయంగా కూర్చునేవాళ్ళకు ఎదురుగా, అచ్చం ఇలాంటి తొట్టె ఉండాలని చెప్పి, నన్ను చేపల కొట్టు శేషగిరి చేతిలో పెట్టారు.

శేషగిరి అప్పటిదాకా గాజు గిన్నెల్లో బంగారు చేపలు అమ్ముకున్న మనిషి. నన్ను చూశాక అతనికి అన్నం సయించలేదు. ఊళ్ళో అలాంటి తొట్టె మొదటగా తన చేత్తోనే కట్టాలని పట్టుదల పట్టాడు. బెంగుళూరు నుంచి ఎర్రమొక్కలు తడి కాగితాల్లో చుట్టుకుని వచ్చాయి. వారంలో కుళ్ళిపోయాయి. మళ్ళీ తెప్పించాడు, మళ్ళీ కుళ్ళాయి. మూడోసారీ అంతే అయ్యాక డాక్టరు గారు మర్యాదగానే చెప్పారు, ప్రారంభం నెల రోజుల్లో ఉంది, అప్పటికీ కాకపోతే ఆ గోడకు టీవీ బిగించుకుంటానని. ఆ టీవీ మాట శేషగిరికి ముల్లులా గుచ్చుకుంది. దిగులుగా నన్నే చూస్తూ కూర్చుని, లేచేటప్పుడు మోచెయ్యి తగిలించి తొట్టెలోకి తోసేశాడు. పేజీ పేజీకీ నీళ్ళున్న నాకు నిజం నీళ్ళు తగలడం అదే మొదలు.

నన్ను ఆరబెట్టే పని మణెమ్మ మీద పడింది. ఆమె కొట్టు తుడవడానికి వస్తుంది. అంతకుముందు ఇరవై ఏళ్ళు వరిచేలల్లో కలుపు తీసి, నడుము మొరాయించాక మానేసింది. ఎండలో కూర్చుని, పేజీలు అంటుకోకుండా ఒక్కొక్కటే విడదీస్తూ వచ్చి, నలభై ఏడు దగ్గర ఆగింది. నన్ను అలాగే పట్టుకుని లోపలికి నడిచింది.

"బాబుగారండీ, ఈ ఎర్రకాడ కలుపుని పుస్తకంలో ఎందుకేశారండీ?"

అది కలుపు కాదనీ, విదేశాల్లో అపురూపంగా పెంచుతారనీ శేషగిరి ఓపిగ్గా చెప్పాడు. మణెమ్మ అంతా విని తల ఊపింది.

"ఏ దేశవైతే ఏంటండీ. పీకి గట్టు మీద పారేత్తే గట్టు మీదే మళ్ళీ వేళ్ళేసుకునేదండీ ఇది. దీన్ని చంపలేకే నా నడుం పోయింది."

మనుషుల తీరు చూసి నాకు నవ్వొచ్చింది. ఊరికి ఈ పక్క కూలిచ్చి పీకిస్తారు, ఆ పక్క పార్శిలు తెప్పించి నాటుతారు.

మర్నాడు ఆమె తడి గోతాం నిండా ఆ కలుపే తెచ్చింది. డాక్టరు గారికి తెలిస్తే పరువు పోతుందని శేషగిరి గింజుకున్నాడు గానీ, వేరే దారి లేదు. మణెమ్మ చెప్పినట్టే అడుగున చేలోని బురదమట్టి, దాని మీద ఇసుక పరిచి కాడల కొసలు తుంచి గుచ్చారు. పది రోజులకు చిగుళ్ళు వేశాయి. మూడు వారాలకు దీపం కింద ఎర్రబారి గుబురెక్కాయి.

ప్రారంభం రోజు పొద్దున, ఆసుపత్రి హాలుకు చేర్చిన తొట్టె ముందు శేషగిరి ఎడమ చేత్తో నన్ను, కుడి చేత్తో కత్తెర పట్టుకుని, నాలో ఉన్నట్టే ఉండేలా ఆకు ఆకూ కత్తిరిస్తున్నాడు. ఒక కాడ మాత్రం నీళ్ళు దాటి పైకి వచ్చి, కొసన ఆవగింజలంత గులాబీ పూలు పూసింది. నా ఫొటోలో అలాంటిదేమీ లేదు. కత్తెర అటు వెళ్ళగానే మణెమ్మ అతని మణికట్టు పట్టుకుంది. యజమాని చెయ్యి ఆమె ఎన్నడూ తాకినది కాదు.

"ఉండనియ్యండి బాబుగారండీ. ఇరవయ్యేళ్ళు పీకేనండి. ఇది పూత్తాదని నాకు తెలీదు."

శేషగిరి నన్ను మూసి టీపాయ్ మీద పెట్టేశాడు. డాక్టరు గారు వచ్చి, పుస్తకంలో లేని ఈ పువ్వు ఎక్కడిదని అడిగారు. అతను కాసేపు నసిగి, చివరికి నిజమే చెప్పాడు, మణెమ్మ చేలోంచి తెచ్చిన కలుపండీ అని. ఆవిడ రోగుల కుర్చీలో కూర్చుని చాలాసేపు చూశారు. టీవీ మాట మళ్ళీ ఎత్తలేదు.

నేనిప్పుడు ఉబ్బిన పేజీలతో ఆ టీపాయ్ మీదే ఉంటున్నాను. నన్ను తెరిచినవాళ్ళు ఒకసారి తొట్టెను చూశాక మళ్ళీ నా వంక చూడరు. నాకూ హాయిగానే ఉంది. శుక్రవారం శుక్రవారం మణెమ్మ గాజు తుడవడానికి వస్తుంది. తుడిచాక కుర్చీలో వెనక్కి వాలి, ఆ పూలనే చూస్తుంది. పీకమని గట్టు మీంచి కేకేసే మేస్త్రీ ఇక్కడ లేడు గనుక ఎంతసేపైనా కూర్చుంటుంది.